ధారూర్ బీళ్లలో గుంటనక్క ఏడాది

శని, ఆదివారాలు వచ్చాయంటే హైదరాబాద్ నుంచి వికారాబాద్ దారి పట్టే కార్లలో చాలావరకు రెండు చోట్లకే చేరతాయి. ఒకటి మూసీ పుట్టిన అనంతగిరి గుట్టలు, రెండోది ధారూర్ దగ్గరి కోట్‌పల్లి ప్రాజెక్టు. అక్కడ చెట్లు చూస్తారు, ఇక్కడ పడవ నడుపుతారు, చీకటి పడేలోగా తిరుగుముఖం పడతారు. అడవి అన్నారు గానీ కోతులు తప్ప జంతువేదీ కనబడలేదని దారిలో టీ తాగుతూ నిట్టూరుస్తారు. నిజానికి చూడాల్సిన చోటు వాళ్లు వచ్చిన దారికి అటూ ఇటూనే ఉంది. ఎర్రటి చెలకలు, తంగేడు పొదలు, రేగు కంపలు, రెండు మూడేళ్లుగా నాగలి తగలక పడావు పడ్డ నేల, గొర్రెలు మేసిపోయిన గడ్డి. చూడటానికి ఏమీ లేనట్టుండే ఇలాంటి నేలే గుంటనక్క నేల. దట్టమైన అడవి దానికి అక్కర్లేదు, అక్కడ ఉండటం దానికి ఇష్టం కూడా లేదు.

ముందు ఒక తికమక తీర్చుకోవాలి. రాత్రిపూట ఊరి చివర గుంపుగా ఊళ పెట్టే నక్క వేరు, గుంటనక్క వేరు. నక్క తోడేలుకూ కుక్కకూ దగ్గరి చుట్టం, ఎనిమిది పది కిలోల దాకా తూగుతుంది. గుంటనక్క అదే కుటుంబంలో వేరే కొమ్మ. బరువు రెండు కిలోలకు పైన, నాలుగుకు అటూ ఇటూ. అంటే బాగా తిని పెరిగిన పెంపుడు పిల్లి కంటే పెద్దగా ఎక్కువేం కాదు. సన్నటి కాళ్లు, మొహానికి మించిన చెవులు, బూడిద రంగు ఒళ్లు. తోక మాత్రం గుబురుగా, ఒంటి పొడుగులో సగానికి పైగా ఉంటుంది, దాని కొస నల్లగా ఉంటుంది. బండి లైటు వెలుగులో క్షణంపాటు కనిపించి మాయమైన జంతువు ఏదో తేల్చుకోవాలంటే ఆ నల్ల కొసను గుర్తు పెట్టుకుంటే చాలు. పరుగెత్తేటప్పుడు ఆ తోకను నేలకు సమానంగా వెనక్కి చాపుతుంది, ఉన్నట్టుండి పక్కకు మళ్లాల్సి వస్తే నిటారుగా లేపుతుంది. గొంతులోనూ తేడా ఉంది. నక్కది సాగదీసిన ఊళ. గుంటనక్కది పొట్టి పొట్టిగా, గబగబా వరసగా వచ్చే అరుపు.

1800లో జార్జ్ షా అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త దీనికి బెంగాలెన్సిస్ అని పేరు పెట్టాడు. ఇప్పుడు దీన్ని వల్పెస్ బెంగాలెన్సిస్ అంటారు. పేరులో బెంగాల్ ఉన్నా ఇది హిమాలయాల అడుగు నుంచి దక్షిణాది కొస దాకా మెట్ట నేలలన్నిటా ఉంటుంది. పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్‌లలోనూ ఉంది. ఈ ఉపఖండం దాటితే ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

మన సామెతలు ఈ రెండు జంతువుల మధ్య తేడా చూడలేదు. జిత్తులన్నా, దొంగ వినయాలన్నా, తోక తొక్కితే వచ్చే అదృష్టమన్నా అన్నిటినీ కలిపి నక్క ఖాతాలో రాసేశాయి. సినిమాల్లో విలన్ పక్కనుండే మనిషిని తిట్టడానికి గుంటనక్కను వాడుకున్నాం. దాని బతుకు దగ్గరగా చూసినవాళ్లకు అందులో జిత్తుల కంటే లెక్క ఎక్కువ కనిపిస్తుంది. ఆ లెక్క అంతా వానాకాలం ఎప్పుడొస్తుందన్న దాని చుట్టూ తిరుగుతుంది.

రైతు ఏడాది ఏరువాకతో మొదలైతే గుంటనక్క ఏడాది కార్తీకంలో మొదలవుతుందని చెప్పుకోవచ్చు. నవంబరులో క్రైస్తవ జాతర కోసం జనం ధారూర్ చేరి గుడారాలు వేసుకునే రోజుల్లో, దూరంగా బీళ్ల మీద ఇవి జతలు కడుతుంటాయి. ఒక మగ, ఒక ఆడ. జత కట్టినవి ఆ ఒక్క చలికాలంతో విడిపోకుండా చాలాసార్లు ఏళ్ల తరబడి కలిసే ఉంటాయి. ఇది నా హద్దు అని చాటుకునే అరుపులు కూడా ఈ కాలంలో ఎక్కువ. మిగతా ఏడాదంతా ఉందో లేదో తెలియనంత నిశ్శబ్దంగా బతికే జంతువు చలి రాత్రుల్లో మాత్రం తన ఉనికి తానే చెప్పుకుంటుంది. జతలు కట్టడం జనవరి దాకా సాగుతుంది.

చలికాలం తిండికి కరువు లేని కాలం కూడా. డిసెంబరు, జనవరి నెలల్లో ఈ ప్రాంతమంతా కంది కోతలు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి పప్పు కొనేవాళ్లందరికీ తెలుసు. ఆ కంది చేలో రైతుతో పాటు ఎలుకలు కూడా పంట తింటాయి. చేను నిలబడి ఉన్నంతకాలం వాటికి నీడ ఉంటుంది. కోసి కట్టలు కట్టాక నేల బోసిపోతుంది, ఎలుకకు కలుగు దాటి నాలుగడుగులు వేయడం కూడా ప్రమాదమే. గుంటనక్క వేటలో కంటి కంటే చెవి పని ఎక్కువ. మట్టి కింద ఎలుక గీకే చప్పుడు వింటుంది, ఆగుతుంది, ముందుకాళ్లతో గబగబా తవ్వుతుంది. ఒంటరిగానే వేటాడుతుంది. జతగా ఉన్నా తిండి కోసం ఎవరి దారి వారిది.

అయితే దీన్ని మాంసాహారి అనేసి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. రేగుపండ్లు దానికి ప్రాణం. భోగినాడు పిల్లల తలమీద పోసే రేగుపండ్లు పండే వేళకు బీళ్లలో కంపల కింద రాలిన పండ్లను ఏరుకుని తింటుంది. తాండూరు వైపు నల్లరేగడిలో వేసిన శనగ కాయ పట్టాక ఆ పచ్చి కాయలనూ వదలదు. ఎండాకాలం వేప పండ్లు, రాలిన మామిడి, తర్వాత నేరేడు, మర్రి పండ్లు. ఇవన్నీ శాస్త్రవేత్తలకు ఎలా తెలిశాయంటే దాని మలం ఏరి, ఎండబెట్టి, విడదీసి చూశారు. అందులో ఎలుక వెంట్రుకలు, పేడపురుగు పెంకులు, మిడత కాళ్లు, తొండ పొలుసులు, రేగు గింజలు ఉంటాయి. దారి పక్కనో రాయి మీదో నలుగురికీ కనబడేలా మలం వేయడం దీని అలవాటు. తన హద్దు చెప్పుకోవడానికి అదొక పద్ధతి. ఆ వేసిన చోట రేగు మొక్క మొలిస్తే ఆశ్చర్యం లేదు.

కడుపుతో ఉండేది యాభై రోజులు, మరో రెండు మూడు. కాబట్టి ఎక్కువ కాన్పులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడతాయి. శివరాత్రి అటూ ఇటూ అనుకోండి. ఆలోపు బొరియ సిద్ధంగా ఉండాలి.

బొరియ గురించి కాస్త తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే గుంటనక్క బతుకులో సగం అక్కడే ఉంది. చదునైన నేలలో కొంచెం ఎత్తుగా ఉన్న చోటు చూసుకుంటుంది. పొలం గెట్టు, పాత మట్టి కట్ట, మొరం దిబ్బ, రాళ్ల సందు ఏదైనా సరే, చుట్టూ దూరం కనబడాలి, వాన పడితే నీళ్లు నిలవకూడదు. ఈ లెక్కన ధారూర్ వైపు ఎర్ర నేల దీనికి బాగా కలిసొస్తుంది. మొరం కలిసిన ఆ మట్టి తవ్వితే తెగుతుంది, తవ్వాక నిలుస్తుంది. తాండూరు వైపు నల్లరేగడి అలా కాదు. ఎండకు నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. అలాంటి చోట గెట్టో కట్టో గుట్టో వెతుక్కోవడం దానికి మేలు.

బొరియలు అన్నీ ఒక తీరుగా ఉండవు. పగలు కాసేపు పడుకోవడానికి తవ్వుకున్నవి చిన్నవి, రెండు నోళ్లుంటాయి, అంతే. పిల్లల్ని పెట్టే బొరియ వేరు. దానికి అయిదారు నోళ్లు మామూలు, ఇరవై దాటిన బొరియలు కూడా లెక్కకు వచ్చాయి. నోళ్ల నుంచి సొరంగాలు రెండు మూడడుగుల లోతుకు దిగి ఒక గదిలో కలుస్తాయి. ఒకే బొరియను ఏళ్ల తరబడి వాడుకుంటాయి, ఏటా కొంచెం కొంచెం పెంచుతాయి. కుక్క ఒక నోటి దగ్గర కాచుకుంటే ఇంకో నోట బయటపడొచ్చు. పాము ఒక దారిన వస్తే పిల్లల్ని మరో దారిన లాక్కుపోవచ్చు. పైన నేల మాడిపోతున్నా లోపలి గది చల్లగానే ఉంటుంది.

ఒక కాన్పుకు రెండు నుంచి నాలుగు పిల్లలు. మొదటి రోజుల్లో తల్లి బొరియ వదలదు, తండ్రి తిండి మోసుకొస్తుంది. పిల్లలు కొంచెం పెరిగాక ఒకరు వేటకు పోతే ఒకరు కాపలా. కుక్క కుటుంబపు జంతువుల్లో తండ్రి ఇలా పిల్లల బాధ్యత పంచుకోవడం కొత్త కాదు గానీ మూడు కిలోల జంతువుకు ఇది చాలా పెద్ద ఖర్చు. దక్షిణ భారతంలో గుంటనక్క మీద తొలి వివరమైన పరిశీలనల్లో ఒకటి ఎ.జె.టి. జాన్‌సింగ్ చేశారు, 1978లో ప్రచురించారు. ఒకే బొరియలో ఒకటికి మించి ఆడ గుంటనక్కలు పిల్లలకు పాలివ్వడం ఆయన గమనించారు. ఎప్పుడూ అలా జరగదు. జరిగినప్పుడు మాత్రం, జంట కాపురం అనే పద్ధతికి కూడా కొంత సడలింపు ఉందని తెలుస్తుంది.

మార్చి చివరికి, ఏప్రిల్‌కు పిల్లలు బొరియ నోటి దగ్గరకు వస్తాయి. పొద్దు వాలుతుండగా బయట మట్టిలో దొర్లడం, ఒకదాని తోక ఒకటి పట్టుకు లాగడం, ఏ గద్ద నీడో పడితే క్షణంలో లోపలికి దూరడం. గుంటనక్క తీరిగ్గా కంటికి కనబడేది ఏడాదిలో ఈ కొన్ని వారాలే.

ఇక్కడ ఎవరికైనా ఒక సందేహం రావాలి. వికారాబాద్, తాండూరు ప్రాంతంలో ఏప్రిల్, మే అంటే ఏమిటో తెలిసినదే. నలభై డిగ్రీల ఎండ, గడ్డి పోచ లేని నేల, ఎండిన వాగులు. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటాం. అలాంటి రోజుల్లో పిల్లల్ని పెంచడమేమిటి? తిండి దండిగా దొరికే ఆగస్టులోనో సెప్టెంబరులోనో కనొచ్చు కదా?

లెక్క వెనక నుంచి వేస్తే సంగతి బోధపడుతుంది. పాలు మరిచి, తల్లిదండ్రులు తెచ్చిన ముద్ద మీద కాకుండా సొంతంగా తినడానికి పిల్లకు మూడు నాలుగు నెలలు పడుతుంది. ఫిబ్రవరి, మార్చిలో పుట్టిన పిల్లకు ఆ వయసు జూన్, జూలైలో వస్తుంది. జూన్ మొదటి వారం దాటాక మృగశిర. తొలకరి పడ్డ సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. వాటిని పట్టడానికి పరుగు అక్కర్లేదు, పన్నాగం అక్కర్లేదు, నోరు తెరిస్తే చాలు. రెక్కలు రాలి నేల మీద పాకే ఉసిళ్లను కొత్తగా వేట నేర్చుకునే పిల్ల కూడా కడుపు నిండా తినగలదు. వెంటనే పేడపురుగులు, మిడతలు, చీమలు. నేల మీద గూడు పెట్టే పూరేడు, కౌజు పిట్టల గుడ్లు దొరికితే అవీ. అంటే బిడ్డకు పళ్లు గట్టిపడే వేళకు పందిరి వేసి వడ్డించినట్టుగా ప్రకృతి సిద్ధంగా ఉంటుంది. ఆగస్టులో కంటే పిల్ల స్వతంత్రంగా బతకాల్సిన నెలలు చలి ముదిరే కాలంలో పడతాయి, అప్పటికి పురుగులు తగ్గిపోతాయి.

ఎండాకాలపు కష్టాన్ని తల్లీతండ్రీ పంచుకుంటాయి. ఆ కష్టం మనం అనుకున్నంతగా లేకపోవడానికి ఇంకో కారణం ఉంది. నేల బోసిగా ఉండటం ఎలుకకూ తొండకూ నష్టం, వాటిని వేటాడేదానికి లాభం. గడ్డి లేని చోట చప్పుడు స్పష్టంగా వినబడుతుంది, కదలిక దూరం నుంచే తెలుస్తుంది. పగటి ఎండంతా బొరియలోనో పొద నీడనో గడిపి పొద్దు వాలాక బయల్దేరుతుంది. ఒంటికి కావాల్సిన తేమలో కొంత తిండిలోనే దొరుకుతుంది.

వానలు ముదిరాక బొరియతో పని తీరిపోతుంది. సొరంగాల్లో తేమ, నీళ్లు. పెద్దవి పొదల కింద, గడ్డిలో పడుకుంటాయి. పిల్లలు ఒక్కొక్కటే తమ దారి చూసుకుంటాయి. తల్లి హద్దు దాటి ఖాళీ ఉన్న చోటు వెతుక్కోవాలి. జూలై నుంచి అక్టోబరు దాకా పత్తి, కంది, మొక్కజొన్న మనిషెత్తు లేచాక గుంటనక్క ఎవరికీ కనబడదు. గుంటనక్కలు ఎక్కడివండీ, మా చిన్నప్పుడు ఉండేవి అని ఊళ్లలో అనే మాటకు కొంతవరకు ఇదీ కారణమే. అది చేను చాటున ఉండే నెలల్లో మనం పొలంలో ఉంటాం. అది బయట తిరిగే నెలల్లో మనకు పొలంలో పని ఉండదు.

కొంతవరకే. మిగతా కారణాలు వేరే ఉన్నాయి.

ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్లపాడు అభయారణ్యం బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్తలు రంజిత్ మనకాదన్, అసద్ రహ్మానీ అక్కడే గుంటనక్కలను కూడా గమనించి 2000లో ప్రచురించారు. తెలుగు నేల మీద ఈ జంతువు గురించి జరిగిన ముఖ్యమైన పని అది. దీని సంఖ్య ఏటా ఒకేలా ఉండదన్నది ఇలాంటి అధ్యయనాల వల్ల బాగా తెలిసింది. ఎలుకలు బాగా పెరిగిన ఏడాది పిల్లలు ఎక్కువ బతుకుతాయి, ఎలుకలు తగ్గిన ఏడాది బీడంతా నిశ్శబ్దం. ఇది రైతు పట్టించుకోవాల్సిన సంగతి. ఎలుకలు పెరిగినప్పుడు తనంతట తానే పెరిగి, తగ్గినప్పుడు తగ్గిపోయే కాపలాదారు జీతం లేకుండా చేను చుట్టూ తిరుగుతున్నాడు. అలాగని ఎలుకల బెడదంతా గుంటనక్కే తీరుస్తుందని చెప్పను. ఎలుక సంతానం వేగం ముందు ఏ వేటజంతువూ ఒంటరిగా నిలవదు. గుడ్లగూబ, పాము, అడవి పిల్లి, ముంగిసలతో కలిసి చేసే పనిలో దాని వాటా అది చేస్తుంది.

ధారూర్ స్టేషన్ మీదుగా పోయే పట్టాలే వాడి జంక్షన్, కలబురగి దాటి సోలాపూర్ చేరతాయి. సోలాపూర్ దగ్గర నాన్నజ్ గడ్డి మైదానాలున్నాయి. నేల, వాన, పంటలు మన తాండూరు వైపు మెట్టను గుర్తుకు తెస్తాయి. అక్కడ అభి వనక్, మాథ్యూ గాంపర్ ఏళ్ల తరబడి గుంటనక్కల మెడకు రేడియో పట్టీలు కట్టి అధ్యయనం చేశారు. ఇవి గడ్డి బీళ్లనే ఎంచుకుని, నీళ్లు పారే సాగు భూముల వైపు తక్కువగా వెళతాయని తేలింది. అంతకంటే ఆసక్తికరమైనది కుక్కల సంగతి. తిండి పెట్టి, దగ్గర్లో కుక్క ఉండేలా చూసి పరీక్షించారు. కుక్క కనబడితే గుంటనక్క ఆ తిండి దగ్గరకు రావడం తగ్గించింది. వచ్చినా తినడం తక్కువ, తలెత్తి చూడటం ఎక్కువ. కుక్క దాన్ని తరమనే అక్కర్లేదు, అక్కడ ఉంటే చాలు, దాని తిండికి కోత పడుతుంది.

ఊరకుక్క బీడు మీద ఆధారపడి బతకదు. మనం పారేసిన అన్నం, హోటళ్ల ఎంగిలి, కోళ్ల వ్యర్థాలు దానికి ఆధారం. కాబట్టి బీడులో ఎలుకలు తగ్గినా కుక్కలు తగ్గవు. సాధారణంగా రెండు వేటజంతువులు ఒకే చోట ఉంటే ఎరను బట్టి రెంటి సంఖ్యా సర్దుకుంటుంది. ఇక్కడ ఒకదానికి బయటి నుంచి రోజూ తిండి అందుతోంది. విందుల తర్వాత విస్తళ్లు రోడ్డు పక్కన పోసే ప్రతి ఫామ్‌హౌస్, ప్రతి దాబా తెలియకుండానే ఈ పోటీలో కుక్క పక్షం చేరుతోంది.

దీనికి తోడు జబ్బులు. కుక్కలకు వచ్చే డిస్టెంపర్, పార్వో వైరస్‌లు గుంటనక్కలకూ సోకుతాయని నాన్నజ్ ప్రాంతంలోనే రక్తపరీక్షల్లో తెలిసింది. రేబిస్ సంగతి చెప్పనక్కర్లేదు. ఎండలో వాన పడితే కుక్కకూ నక్కకూ పెళ్లి అని పిల్లలు పాడుకుంటారు గానీ, నిజంలో కుక్క నుంచి గుంటనక్కకు అందేది భయమూ రోగమూ. ఆ పెళ్లి ఎలాగూ కుదరదు కూడా. కుక్క, తోడేలు, నక్క తమలో తాము కలిసి పిల్లల్ని కనగలవు. గుంటనక్క వాటన్నిటికీ దూరం.

కుక్కల తర్వాత నేల. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో తయారుచేసే దేశ పటం ఒకటుంది, దాని పేరే బంజరు భూముల అట్లాస్. మొదటిది 2000లో వచ్చింది. పొదలున్న నేల, మేసిన గడ్డి బీళ్లు అందులో బంజరు కిందికే వస్తాయి. కాగితం మీద బంజరు అని పడ్డాక ఆ నేలను ఏదో ఒకటి చేయాలన్న తొందర పుడుతుంది. సోలార్ పలకలు పెడతారు, ప్లాట్లు వేస్తారు, లేదా మొక్కలు నాటుతారు. మొక్కలు నాటడాన్ని తప్పుపట్టే ధైర్యం ఎవరికీ ఉండదు, నాకూ పెద్దగా లేదు. కానీ గడ్డి బీడులో వరసగా చెట్లు లేపితే అది గుంటనక్కకు పనికిరాకుండా పోతుంది. దూరం కనబడదు, గడ్డి పోతుంది, గడ్డిని నమ్ముకున్న పురుగూ పిట్టా పోతాయి. పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళ రేడియో ప్రసార కేంద్రానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగినప్పుడు జిల్లాలో, హైదరాబాద్‌లో పెద్ద చర్చే జరిగింది. పోయేవి చెట్లు కాబట్టి జరిగింది. వికారాబాద్ నుంచి తాండూరు దాకా ప్రహరీ గోడల మధ్యకు వెళ్లిపోతున్న బీళ్ల లెక్క ఎవరూ అడగలేదు.

వేట ఒకప్పటి కంటే తగ్గినా పోలేదు. మాంసం కోసం కొంత, తోక, గోళ్లు, పళ్లు తాయెత్తులకు కొంత. జాతరల్లో నక్క కొమ్ము అని చిన్న బొచ్చు ముద్ద చూపించి అమ్మేవాళ్లు ఇప్పటికీ తగులుతారు. అది ఇంట్లో ఉంటే డబ్బు నిలుస్తుందట. గుంటనక్కకు గానీ నక్కకు గానీ కొమ్ము ఉండదు. తోలు ముక్కను, వెంట్రుకలను ముడిచి చేసిన మోసం అది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద గుంటనక్కను చంపడం, పట్టడం, దాని శరీర భాగాలు అమ్మడం నేరం. ఇక ఎవరూ కావాలని చంపకపోయినా చచ్చేవి ఉన్నాయి. అడవి పందుల కోసం చేను చుట్టూ లాగిన కరెంటు తీగ పందినీ గుంటనక్కనూ వేరుగా చూడదు. ఎలుకలకు పెట్టిన విషం తిన్న ఎలుకను అది తింటే దాని గతీ అంతే.

ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం జాబితాలో గుంటనక్క ఇంకా ప్రమాదం అంచున లేని జంతువుల వరసలోనే ఉంది. విస్తారమైన దేశంలో పలుచగా అంతటా ఉండటమే దానికి కారణం. అదే జాబితా, దాని సంఖ్య తగ్గుతోందని కూడా చెబుతుంది.

గొర్రెల కాపరులకు దీనిమీద కోపం ఉండటానికి పెద్ద కారణం లేదు. మూడు కిలోల జంతువు గొర్రెను ఏమీ చేయలేదు. మందలో పోయిన గొర్రెకు జవాబు చెప్పాల్సింది తోడేలో, ఊరకుక్కల గుంపో. ఇంటి దగ్గర వదిలిన కోడిపిల్లను మాత్రం అప్పుడప్పుడూ ఎత్తుకుపోతుంది, కాదనలేం. చీకటి పడ్డాక గంప కింద కమ్మితే ఆ పేచీ ఉండదు.

బొరియలో గుంటనక్క ఉందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. నోటి ముందు కొత్త మట్టి విసనకర్రలా పరుచుకుని ఉండటం, దగ్గర్లో ఎలుక తోక ముక్కలు, పురుగు పెంకులు, చిన్న కుక్క అడుగుల్లాంటి గుర్తులు. సాలెగూడు కట్టి ఉంటే అది ఖాళీ. మార్చి, ఏప్రిల్‌లో గెట్టు చదును చేసేటప్పుడో, జేసీబీతో కట్ట తవ్వేటప్పుడో పిల్లలు బయటపడితే చాలామంది జాలితో ఇంటికి తెచ్చి ఆవుపాలు పోస్తారు. తల్లి వదిలేసి పోయిందనుకుంటారు. పోలేదు, పగలు కాబట్టి దూరం నుంచి చూస్తూ ఉంటుంది. పనిని ఆ సాయంత్రానికి ఆపి, కుక్కలను కట్టేసి, మనుషులు దూరం జరిగితే చీకటి పడ్డాక వచ్చి ఒక్కొక్క పిల్లనూ నోట కరుచుకుని ఇంకో బొరియకు మార్చుకునే వీలుంటుంది. తెల్లారేసరికి కూడా పిల్లలు అక్కడే ఉంటే అటవీ శాఖకు కబురు చెప్పాలి. నెలా రెండు నెలలు ఓపిక పట్టగలిగిన రైతు ఆ గెట్టు పనిని మే నెలాఖరుకు వాయిదా వేసుకుంటే సరిపోతుంది. అప్పటికి పిల్లలు తమ కాళ్ల మీద పరుగెత్తగలుగుతాయి, రైతుకు విత్తనాలు వేసే వేళ ఇంకా కాదు.